'ఎస్' నొక్కిన అమ్మాయిది తప్పు కాదు

మా తమ్ముడి కూతురు శ్రావణి ఈమధ్యనే నయా రాయపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. తెర మీద కనిపించే మాటలు రాయడం దాని పని. బటన్ మీద ఏముండాలి, సెటప్‌లో ఏమడగాలి, ఏదైనా చెడిపోతే ఆ సంగతి మనిషికి ఎలా చెప్పాలి, ఇవన్నీ అదే చూసుకోవాలట. "అత్తా, నువ్వు చేసింది కూడా ఇదేగా! అప్పట్లో దీన్నేమనేవారు?" అని అడిగింది.

ఏమీ అనేవారు కాదు. మొదట్లో నా హోదా టెలిఫోన్ ఆపరేటర్. తర్వాత దాని పేరు మారింది, ఇంకోసారి మారింది. పని మాత్రం రిటైరయ్యేదాకా ఒక్కటే. యంత్రం ఏమందో మనిషికి తెలిసేలా చెప్పడం, మనిషి ఏమడుగుతున్నాడో యంత్రం రాసేవాళ్లకు తెలిసేలా చెప్పడం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న శ్రావణి లాంటి పిల్లల కోసం నాలుగు సంగతులు రాసిపెడదామనిపించింది.

ఫోన్ ఎత్తే ఉద్యోగం

మా నాన్న పలాస దగ్గరి పల్లె నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడి రైల్వే కాలనీలోనే. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బళ్లో హిందీ, బజార్లో ఛత్తీస్‌గఢీ. ఇంగ్లీషు టైపు నేర్చుకుంటూ వంటబట్టించుకున్నాను. వేళ్లకు వచ్చినంత నాలుకకు రాలేదు. ఇన్ని భాషల్లో ఒక్కటీ పూర్తిగా రాదన్న సిగ్గు చాలాకాలం ఉండేది. నా ఉద్యోగానికి అదే అర్హత అని తర్వాత తెలిసింది. మాట అర్థం కాకపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఊళ్లో నర్సింగ్ హోములు, ల్యాబులు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. అందరికీ కంప్యూటర్ బిల్లు కావాలి. మిశ్రా సర్ గుఢియారీలో మోటారు పంపుల దుకాణం పైన రెండు గదులు తీసుకుని వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. ప్రశాంత్ అనే కుర్రాడు ఆయన దగ్గర ప్రోగ్రామర్. ఫోన్లు ఎత్తడానికి నన్ను తీసుకున్నారు. మా ఇంటిపేరు ఎవరికీ నోరు తిరక్క, మా నాన్న పేరు చివరున్న రావుని పట్టుకుని నన్ను రావు మేడమ్ అనేవారు.

మిశ్రా సర్ తెలివైనవాడు, నిజాయితీపరుడు. రోజుల తరబడి ఎవరికీ దొరకని తప్పు ఆయనకు టీ తాగేలోపు దొరికేది. కానీ ఒక మొండితనం ఉండేది. "మెసేజ్ కరెక్టుగానే ఉంది. చదవకుండా నొక్కితే నేనేం చెయ్యను?" అనేవాడు. అందరూ చదవకుండానే నొక్కుతారని ఆయన నమ్మకం.

ఫోన్ దగ్గర కూర్చున్న నాకు వేరేగా కనిపించింది. "ఏం నొక్కారు?" అని అడిగితే అవతలివాళ్లు "నేనేమీ నొక్కలేదు" అంటారు. అబద్ధం కాదు, భయం. "తెర మీద ఏముందో కాస్త చదివి వినిపిస్తారా?" అంటే చదువుతారు. చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగుతారు. ఎక్కడ ఆగారో అక్కడ మన పని ఉన్నట్టు. ఈ సూత్రం నాకు ఉద్యోగం ఆఖరు రోజు వరకు పనికొచ్చింది.

ఒకరోజు ఒక సర్జన్ గారి నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. రిసెప్షన్‌లో ఉండే దూబే ఆంటీ. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"రావు మేడమ్, మా డాక్టర్ సాబ్ దేవుడు. మా దగ్గర అలాంటి పనులు జరగవు."

"ఎలాంటి పనులు ఆంటీ?"

"ఇల్లీగల్ ఆపరేషన్ జరిగిందట. మూసేస్తారట. తెర మీద వచ్చింది."

ఆ రోజుల్లో కంప్యూటర్ ఎక్కడో తడబడితే అలాగే చెప్పేది. ఈ ప్రోగ్రాం చట్టవిరుద్ధమైన ఆపరేషన్ చేసింది, దీన్ని మూసేస్తున్నాం అని. అది మేం రాసిన మాట కాదు, కంప్యూటర్‌తో పాటే వచ్చింది. ప్రోగ్రాం అంటే ఏమనుకున్నారు అని అడిగాను. "మొన్న ఆదివారం ఉచిత ఆపరేషన్ల ప్రోగ్రాం పెట్టాం కదా, అదే" అంది. ఆమె అప్పటికే బయట గేటు మూసేసింది. రోగుల్ని రేపు రమ్మంది. డాక్టర్ గారు లోపల హెర్నియా ఆపరేషన్ చేస్తున్నారు, ఆయనకేమీ తెలియదు. "ఈ సంగతి పోలీసులకు కూడా వెళ్లిపోయిందా మేడమ్?" అని అడిగింది.

ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికెళ్తుంటే ఆమె గొంతు గుర్తొచ్చింది. తన డాక్టర్‌ని కాపాడుకోవాలని చూసింది ఆమె. ఆమెకు ఇంగ్లీషు రాకపోవడం కాదు జరిగింది, బాగానే వచ్చు. ప్రతి మాటకూ తన చోట ఉన్న అర్థమే తీసుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే ఇంకే అర్థం వస్తుంది? మనం రాసిన గదిలో మాటకున్న అర్థం వేరు, చదివే గదిలో ఉన్న అర్థం వేరు. రాసేవాళ్లు వెళ్లి ఆ రెండో గదిలో కూర్చుని చూడాలి.

డెస్టినేషన్ ధమ్‌తరీ

ఇంటర్నెట్ సరిగా లేని కాలం. దూరపు ఊళ్లకు సాఫ్ట్‌వేర్ పంపాలంటే టాటీబంధ్ జంక్షన్‌లో బస్సు డ్రైవర్ చేతికి సీడీ ఇచ్చేవాళ్లం. అవతల ల్యాబ్ మనిషి బస్టాండ్‌లో తీసుకునేవాడు. ఇంక అక్కణ్నుంచి నా ఫోన్ మోగడం మొదలయ్యేది.

ధమ్‌తరీలో ఒక ల్యాబ్ ఆయన సీడీ అందిన మర్నాడు కూడా ఫోన్ చెయ్యలేదు. నేనే చేశాను.

"ఇన్‌స్టాల్ అయిందా భయ్యా?"

"లేదు మేడమ్. డెస్టినేషన్ ఏదని అడుగుతోంది. ధమ్‌తరీ అని రాశాను. ఒప్పుకోవట్లేదు. ధమ్‌తరీ జిల్లా అని కూడా రాసి చూశాను."

అతని జవాబులో తప్పేముంది? మన ప్రశ్నే తప్పు. ఏ ఫోల్డర్‌లో పెట్టాలో అతనికెలా తెలుస్తుంది, తెలియాల్సిన అవసరమేమిటి? నేను ప్రశాంత్ పక్కన కూర్చుని సెటప్‌లో వచ్చే ప్రతి తెరనూ ఒక్కటే అడిగాను: దీనికి జవాబు ఆ ల్యాబ్ మనిషికి తెలుసా? చాలా తెరల దగ్గర తెలియదనే వచ్చింది.

ప్రశాంత్‌కు కోపం వచ్చింది. "పెద్ద ఆసుపత్రుల్లో ఇంజనీర్లుంటారు మేడమ్. వాళ్లకివన్నీ కావాలి."

"కావాలంటే తెలిసినవాళ్లకని పక్కన ఒక బటన్ పెట్టు. తెలియనివాణ్ని ఎందుకు పరీక్షకు కూర్చోబెడతావు?"

చాలా రోజులు గొణిగి చివరికి చేశాడు. ఆ తర్వాత మా సెటప్ అడిగింది ల్యాబ్ పేరు, డాక్టర్ పేరు, ప్రింటర్ ఉందా లేదా, అంతే. చివర్లో 'ఇన్‌స్టలేషన్ సక్సెస్‌ఫుల్' అనేది తీసేసి 'ఒక బిల్లు ప్రింట్ చేసి చూడండి' అని పెట్టాం. తన ల్యాబ్ పేరుతో కాగితం బయటికొస్తే తప్ప పని అయిందని ఎవరూ నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా.

మా నాన్న చెప్పిన మాట

ఇలా నేను పోరుపెడుతుంటే మిశ్రా సర్‌కు ఒక ఆలోచన వచ్చింది. మెసేజీలన్నీ హిందీలో పెడదామన్నాడు. మంచిదే. ఒక రిటైర్డ్ హిందీ లెక్చరర్ చేత అనువాదం చేయించాడు. ఆయన పండితుడు. 'ఫేటల్ ఎర్రర్' అన్నదాన్ని 'ఘాతక్ త్రుటి' అని రాశాడు. ప్రాణం తీసే దోషమని. అది మొదట కనిపించింది ఒక నర్సింగ్ హోమ్ ఐసీయూ బయటున్న కంప్యూటర్ మీద. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఒక రోగి కొడుకు అది చదివి గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టాడు. లోపల తండ్రి బాగానే ఉన్నాడు. బిల్లు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, అంతే.

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. భాష మారిస్తే చాలనుకున్నాం. చాలలేదు. అసలు ఎలా చెప్పాలి? మా నాన్న అప్పటికే రిటైరయ్యాడు. అన్నం ముందు కూర్చుని నేను ఆలోచిస్తుంటే చూసి అడిగాడు.

"ఏటమ్మా, అన్నం మీద మనసు లేదు?"

చెప్పాను. ఆయన కాసేపు విని, "రైల్లో మాం ఏటి సేసేవోళ్లమో తెలుసా?" అన్నాడు. "ఎక్కడైనా పట్టా బాగోకపోతే డ్రైవర్‌కి కాషన్ ఆర్డరని ఒక కాయితం ఇస్తాం. అందులో పట్టా ఎవులు పాడుసేసారో రాయం. అది సెప్పి డ్రైవర్‌కి ఏటి నాభం? ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, ఎంత స్పీడు, అంతే. అది సాలు, బండి దాటిపోద్ది."

ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్లి మా మెసేజీలన్నీ ముందేసుకున్నాను. ఒక్కదానిలోనూ 'ఇప్పుడేం చెయ్యాలి' అన్నది లేదు. అన్నింటిలోనూ తప్పు జరిగిందని ఉంది, సంఖ్యలున్నాయి, ఆశ్చర్యార్థకాలున్నాయి. ఒక్కొక్కటే తిరిగి రాయడం మొదలుపెట్టాను. ఏమైంది, మీరు రాసింది భద్రంగా ఉందా లేదా, ఇప్పుడేం చెయ్యాలి. ఈ మూడూ ఉండాలి. పక్కన కూర్చున్న మనిషికి నోటితో చెప్పగలిగే మాటల్లో ఉండాలి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే 'ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, బిల్లు పోలేదు, కాగితం తీసి మళ్లీ ప్రింట్ నొక్కండి' అని. మామూలు హిందీలో, కూరగాయల బండి దగ్గర మాట్లాడే హిందీలో.

మిశ్రా సర్ వద్దనలేదు, ఔననలేదు. "ఖాళీ దొరికినప్పుడు చేసుకోండి" అన్నాడు. ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? రోజంతా ఫోన్లే. అందుకే చాలా మెసేజీలు పాతవే మిగిలిపోయాయి. వాటిలో ఒకటి ల్యాబ్ కౌంటర్‌లో వచ్చేది. అది మిశ్రా సర్ స్వయంగా రాసింది.

ఇద్దరు సంతోషిలు

నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి మా సాఫ్ట్‌వేర్ తీసుకుంది. మాకది పెద్ద సంగతి. అంతకుముందు మావన్నీ చిన్న చిన్న నర్సింగ్ హోములే.

ఆ ఆసుపత్రిలో ఒకేసారి సంతోషి సాహు అనే పేరుతో ఇద్దరు ఆడవాళ్లు చేరారు. మా వైపు ఇది వింతేమీ కాదు. ఏ వార్డు గుమ్మంలో నిలబడి ఆ పేరు పిలిచినా ఎవరో ఒకరు పలుకుతారు. ఒకామె గర్భసంచిలో గడ్డకు ఆపరేషన్ కోసం వచ్చింది. రెండో ఆమె కాన్పు కోసం వచ్చింది. వయసూ ఒకటే. పేరు, వయసు కలిస్తే ఇద్దరూ ఒకరే అని మా ప్రోగ్రాం లెక్క.

మొదటి సంతోషి రక్తం గ్రూపు ఓ పాజిటివ్ అని పొద్దున కంప్యూటర్‌లో ఎక్కించారు. తర్వాత రెండో సంతోషిది బి నెగెటివ్ అని ఎక్కించబోతే తెర మీద పెట్టె వచ్చింది. 'డూప్లికేట్ రికార్డ్ ఫౌండ్. ఓవర్‌రైట్?' పాతది చెరిపేసి దాని మీద కొత్తది రాయాలా అని దాని అర్థం. కింద ఎస్, నో. కౌంటర్‌లో ఉన్న దుర్గేశ్వరి అనే కొత్త అమ్మాయి ఎస్ నొక్కింది. మొదటి సంతోషి రిపోర్టు మీద రెండో సంతోషి రక్తం గ్రూపు ఎక్కింది.

ఆపరేషన్‌కు రక్తం కావాలని అడిగితే బ్లడ్ బ్యాంక్‌లో బి నెగెటివ్ సీసా తీశారు. ఎక్కించేముందు రోగి నమూనాతో కలిపి చూడటం అక్కడ నియమం. కలిపి చూస్తే పడలేదు. ఆపేశారు. ఆపకపోతే ఆమె బతికేది కాదు.

సంగతి బయటపడగానే ఆమె భర్త అరుపులకు ఆసుపత్రి దద్దరిల్లింది. అతను టాటీబంధ్‌లో లారీ టైర్ల పని చేసేవాడు. ఎవరు చేశారో చెప్పండన్నాడు. అందరి వేళ్లూ దుర్గేశ్వరి వైపు తిరిగాయి. ఉద్యోగం తీసేస్తాం, పోలీసులకు కూడా చెబుతాం అన్నారు పైవాళ్లు.

మిశ్రా సర్ నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో ఉన్న ప్రింటు. "మెషీన్ అడిగింది, ఆ అమ్మాయి ఎస్ అంది. ఇది ఇచ్చేసి రండి రావు మేడమ్. మన బాధ్యత ఇంతవరకే."

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి అడ్మినిస్ట్రేటర్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో చున్నీ రెండు చేతులతో పట్టుకుని ఉంది. పక్కన కూర్చుని, ఏ కంపెనీ నుంచి వచ్చానో చెప్పాను. తలెత్తి చూసింది.

"మేడమ్, నేను చదివే నొక్కాను."

చదవకుండా నొక్కుతారనే కదా మా ఆఫీసులో ఇన్నాళ్ల వాదన. ల్యాప్‌టాప్ తీసి ఆ పెట్టె తెర మీద పెట్టాను.

"చదివి, నీకేం అర్థమైందో చెప్పమ్మా."

"డూప్లికేట్ రికార్డ్ దొరికింది. అంటే నకిలీది. బజార్లో డూప్లికేట్ మాల్ అంటారు కదా, అలాగ. ఎవరో తప్పుడు ఎంట్రీ చేస్తే మెషీన్ పట్టుకుందనుకున్నాను."

"తర్వాత?"

"ఓవర్. రైట్." ఆ రెండు మాటల మధ్య ఆగింది. "ఓవర్ అంటే అయిపోయింది. రైట్ అంటే సరే. అయిపోయింది, సరేనా అని అడుగుతోంది. ఎస్ అన్నాను."

"నో నొక్కితే ఏమవుతుందనుకున్నావు?"

"చేరిన కొత్తలో ఒకసారి నొక్కాను మేడమ్. రాసిందంతా పోయింది. లైన్లో వాళ్లు తిట్టారు. సీనియర్ దీదీ చెప్పింది, ఈ పెట్టె వస్తే ఎప్పుడూ ఎస్సే నొక్కాలని."

కాగితం నా సంచిలోనే ఉంది. బయటికి తియ్యలేదు. మిశ్రా సర్‌కు ఫోన్ చేసి, మీరే రావాలి అన్నాను. వచ్చాడు. నడవాలో నిలబెట్టి ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను.

"ఇంగ్లీషు రాకపోతే మన తప్పా?" అన్నాడు.

"ఆ కౌంటర్‌లో ఎవరు కూర్చుంటారో తెలిసి కూడా రాశాం కదా సర్."

"ఇది ఒప్పుకుంటే ఊళ్లో అన్ని ఆసుపత్రులకూ తెలుస్తుంది. కంపెనీ మూసుకోవాలి. ప్రశాంత్, మీరు, అందరూ రోడ్డున పడతారు."

"ఒప్పుకోకపోతే ఆ పిల్ల ఒక్కతే పడుతుంది."

ఆయన అడ్మినిస్ట్రేటర్ గది వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. నాకూ భయంగానే ఉంది. ఇంట్లో నా జీతం మీదే బండి నడిచే రోజులవి.

లోపల అడ్మినిస్ట్రేటర్, మొదటి సంతోషి భర్త కూర్చుని ఉన్నారు. "ఆపరేటర్ నొక్కినట్టు మీ దగ్గర రుజువుందన్నారు" అని అడ్మినిస్ట్రేటర్ చెయ్యి చాపాడు. మిశ్రా సర్ నా వైపు చూశాడు. నేను కాగితం బదులు ల్యాప్‌టాప్ ముందు పెట్టాను.

"సర్, ఇది ఉత్త నమూనా, అసలు రికార్డులు ఇందులో లేవు. ఒకసారి మీరే ఆ ఇద్దరి వివరాలు ఎక్కించి చూడండి."

ఆయన విసుగ్గానే ఎక్కించాడు. ఇంగ్లీషులో పెద్ద చదువులు చదివినవాడు. పెట్టె వచ్చింది. "డూప్లికేట్ తీసెయ్యాలా అంటోంది. తీసెయ్యాలి కదా" అంటూ ఎస్ నొక్కాడు.

"ఇప్పుడేమైంది?" అని సంతోషి భర్త అడిగాడు.

"ఈ నమూనాలో మీ భార్య రిపోర్టు మళ్లీ పోయింది" అన్నాను.

మిశ్రా సర్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చూశాడు. తర్వాత బయట కూర్చున్న అమ్మాయిని పిలవమన్నాడు. దుర్గేశ్వరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఈ వాక్యం నేను రాశాను. తప్పు నాది. ఈ అమ్మాయిది కాదు" అన్నాడు అందరికీ వినబడేలా.

"నా భార్య చచ్చిపోయుంటే ఈ పెట్టె మీద కేసు పెట్టేవాణ్నా?" అన్నాడు సంతోషి భర్త. అది న్యాయమైన ప్రశ్న. కానీ అతను దుర్గేశ్వరి వైపు చూడటం మానేశాడు. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది.

తర్వాత జరిగింది

ఆ ఆసుపత్రి మమ్మల్ని వదులుకుంది. ఇంకొన్ని నర్సింగ్ హోములు కూడా పోయాయి. మిశ్రా సర్ భయపడినదాంట్లో సగం నిజమైంది. కంపెనీ మాత్రం మూతపడలేదు.

నేను ఆ మెసేజ్‌ను బాగుచెయ్యాలని కూర్చుంటే ప్రశాంత్ అన్నాడు, "మేడమ్, ప్రశ్న ఎంత బాగా అడిగినా లాభం లేదు. ఆ ప్రశ్నే రాకూడదు." అతనే కరెక్టు. ప్రతి రోగికీ వేరే నంబరు వచ్చేలా మార్చాడు. ఒకరిది ఇంకొకరి మీద ఎక్కే దారే లేకుండా చేశాడు. అదే పేరుతో ఎవరైనా ఉంటే మాత్రం తెర మీద ఇలా వచ్చేది: 'ఈ పేరుతో ఇంకొకరు ఉన్నారు.' కింద ఆమె భర్త పేరు, వార్డు. దాని కింద రెండు బటన్లు: 'ఈమే', 'ఈమె కాదు, వేరే రోగి'. ఎస్, నోలు తీసేశాం. ఏది నొక్కినా ఎవరి రిపోర్టూ చెరగదు.

శ్రావణీ, ఇది గుర్తుంచుకో. మంచి మెసేజ్ రాయడం మన పనిలో సగమే. ఆ మెసేజ్ అవసరమే రాకుండా చెయ్యమని ప్రోగ్రామర్‌తో పోట్లాడటం మిగతా సగం. రెండో సగానికి ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే అది కనిపించదు. ఇంకొకటి. పై అధికారి తప్పు ఒప్పుకున్నాక ఆ సంగతి మళ్లీ ఎత్తకు. నేను మిశ్రా సర్ దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన కూడా ఆ రోజు నుంచి ఏ మెసేజ్ బయటికెళ్లాలన్నా కింద పంపుల దుకాణంలో ఎవరినో ఒకరిని పిలిచి పైకి చదివించేవాడు.

ఆ సాయంత్రం

అడ్మినిస్ట్రేటర్ గదిలో మాటలయ్యాక నేను వెంటనే వెళ్లిపోలేదు. మొదటి సంతోషిని చూడాలనిపించింది. దుర్గేశ్వరి వార్డు చూపిస్తానని నా వెంట వచ్చింది.

మంచం మీద ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ వాయిదా వేశారు, మళ్లీ రక్తం తీసుకున్నారు, భర్త అరుస్తూ తిరిగాడు. జబ్బు ముదిరిపోయిందని, దాస్తున్నారని అనుకుంది. "ఎన్ని రోజులు బతుకుతానో చెప్పు దీదీ" అని నన్నే అడిగింది. డాక్టర్ని అనుకుంది.

మంచం పక్కన స్టూలు లాక్కుని చెప్పాను. నీ పేరుతో ఇంకొకామె ఉంది. మా మెషీన్ ఇద్దరి రక్తం సంగతీ కలిపేసింది. తప్పు రక్తం నీకు ఎక్కలేదు, ముందే ఆపారు. మళ్లీ పరీక్ష చేశారు, ఇప్పుడు సరిగా ఉంది. రేపు రక్తం సీసా తెచ్చినప్పుడు నీ పేరు, నీ భర్త పేరు పైకి చదవమని అడుగు.

"ఏతకే బాత్ రిహిస్?" అంది. ఇంతేనా సంగతి అని. కళ్లు తుడుచుకుని లేచి కూర్చుంది. అప్పుడు అడిగింది.

"నా దగ్గర ఆమె రక్తం రాశారు. మరి ఆమె దగ్గర ఎవరిది రాశారు?"

దుర్గేశ్వరి, నేను మొహాలు చూసుకున్నాం. అంతమంది కూర్చుని మాట్లాడాం, ఎవరికీ తట్టలేదు. దాదాపు పరుగెత్తుకుంటూ కౌంటర్‌కు వెళ్లి తెరిచి చూశాం. రెండో సంతోషి పేరు కింద ఓ పాజిటివ్ అని ఉంది. మొదటామె రిపోర్టు సరిచేస్తున్నప్పుడు కౌంటర్‌లో కూర్చున్న ఇంకెవరికో అదే పెట్టె వచ్చింది. వాళ్లూ ఎస్ నొక్కారు.

కాన్పుల వార్డు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. రెండో సంతోషికి అప్పటికే ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ వెంటనే మళ్లీ పరీక్ష చేయించింది. తల్లి బి నెగెటివ్, పిల్ల పాజిటివ్. ఇలాంటప్పుడు తల్లికి ఒక ఇంజెక్షన్ ఇవ్వాలట, లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదమట. తెర మీద తల్లిది పాజిటివ్ అని ఉండబట్టి డాక్టరమ్మ అది ముందు రాయలేదు. "ఇంకా సమయముంది" అని అప్పుడే రాసింది.

ఆ సంగతి తల్లికి చెప్పాలి. నేను వార్డులోకి అడుగు వెయ్యబోతుంటే దుర్గేశ్వరి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, నేను చెబుతాను."

పిల్లను పక్కలో వేసుకుని ఆమె పడుకుని ఉంది. దుర్గేశ్వరి దగ్గరికెళ్లి వంగి, ఛత్తీస్‌గఢీలో చెప్పింది.

"దీదీ, నీ రక్తం సంగతి మేం తప్పు రాశాం. నీ పేరుతో ఇంకొకామె ఉంది, మెషీన్ మిమ్మల్నిద్దర్నీ ఒకరే అనుకుంది. ఇప్పుడు సరిచేశాం. నీకు ఒక సూది వేస్తారు. అది వేస్తే నీకు, ముందు ముందు పుట్టే పిల్లకు ఏమీ కాదు. వెయ్యకపోతే ఊరుకోకు, గట్టిగా అడుగు."

ఆమె కాళ్లు పక్కకు జరుపుకుని మంచం మీద చోటిచ్చింది.

"కూర్చో చెల్లీ. మా అత్తను పిలుస్తాను, ఆమెకు కూడా ఇలాగే చెప్పు."

దుర్గేశ్వరి కూర్చుంది. పిల్ల కాళ్ల మీద గుడ్డ సర్దింది. ముసలామె వచ్చాక మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.